గోడ మీద పాస్‌వర్డ్

పుంగనూరు హాస్టల్లో వంట చేసి రిటైరైన ఆమె, మదనపల్లెలో మా వీధిలోనే ఒంటరిగా ఉండేది. బస్టాండులో కూర్చున్నా, తన గుమ్మంలో కూర్చున్నా, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఫోనుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమె అన్నం పెట్టిన పిల్లల ఫొటోలన్నీ ఆ ఫోనులోని ఖాతాలోనే ఉన్నాయి. ఒకసారి ఎవరో ఫోన్లో తీయగా మాట్లాడి, పాస్‌వర్డ్ చెప్పించుకుని ఆ ఖాతాను కాజేశారు. తిరిగి రావడానికి పది రోజులు పట్టింది.

లైబ్రరీలో చదివిన జాగ్రత్తలన్నీ చెబుదామని వాళ్లింటికి వెళ్లాను. పొయ్యి పక్క గోడ మీద, గ్యాసు వచ్చిన తేదీల కింద, కొత్త పాస్‌వర్డ్ బొగ్గుతో రాసి ఉంది.

"ఇదేందమ్మా, అందరూ సూసేట్టు?"

"మా ఇంటికి ఎవురొస్తారప్పా సూసేదానికి?" అని నవ్వింది.

గోడ తుడిపించి, పాస్‌వర్డ్ మార్పించాను. అది మరిచిపోతే ఖాతా తెరవడానికి, నమ్మకమైన మనిషి నంబరు ఒకటి ఇమ్మంది ఫోను.

"కుప్పంలో మా చెల్లెలుండింది. పోయినేడు సచ్చిపాయ. నీదే పెట్టప్పా."

పెట్టాను.

"నీ దాంట్లో ఎవురిది పెట్టుకోనుండావు?"

ఇన్ని పుస్తకాలు చదివిన నేను నా ఖాతాలో ఆ గడిని ఇన్నాళ్లూ ఖాళీగానే వదిలేశాను. నా ఫోను బయటికి తీశాను. ఆమె ఇంకేమీ అడగకుండా, తన నంబరు ఒక్కో అంకే నిదానంగా చెప్పింది.