మాట్లాడావా, వసంతా?

నల్లపాడు స్టేషన్ బయట టీకొట్టు దగ్గర నిన్న దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాను. మిరప బస్తాల లారీ ఒకటి పక్కనే ఆగింది. ఆ ఘాటుకు టీ కలిపే ఆయనతో సహా అందరం తుమ్ముతూనే ఉన్నాం. గోడ మీది టీవీలో శాసనసభ ప్రసారం వస్తోంది. ఎవరో మంత్రి లేచి "కాదు, అధ్యక్షా" అని ఒక్క మాట చెప్పి కూర్చున్నారు. కొట్లో ఎవరూ తల తిప్పి చూడలేదు. నాకు మాత్రం కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. మిరపఘాటు అనుకుని టీ ఆయన గ్లాసుతో మంచినీళ్ళిచ్చాడు. ఆయన అనుకున్నది సగం నిజం. మిగతా సగం రత్నకుమారి గారు.

ఆవిడ ఒకప్పుడు తాగునీటి శాఖ మంత్రి. అంతకుముందు చిలకలూరిపేట దగ్గర మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. తల్లి మిరపకోతల కూలీ. బడి సెలవుల్లో ఆవిడ కూడా తల్లితో చేలోకి వెళ్ళేవారట. ఆవిడ పేషీలో, అంటే మంత్రి కార్యాలయంలో, నేను చిన్న ఉద్యోగిని. సభ్యులు అడిగిన ప్రశ్నలకు శాఖ పంపే జవాబులను సరిచూసి, సభలో చదవడానికి వీలుగా సిద్ధం చేయడం నా పని. ఆ జవాబులు ఎంత పొట్టిగా ఉంటాయో చూడనివాళ్ళు నమ్మరు. ఫలానా ఊరికి నీళ్ళు అందని మాట నిజమేనా అన్నది మొదటి ప్రశ్న. "కాదండి." అయితే అందుకు కారణాలేమిటన్నది రెండోది. "ప్రశ్న ఉత్పన్నం కాదు." ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటివంటే నాకు భలే ఇష్టం. పని ఇట్టే తెమిలిపోయేది.

అలా తెమలనిచ్చే మనిషి కాదావిడ. బళ్ళో హాజరుపట్టీలాంటి పొడుగాటి పుస్తకం ఒకటి ఎప్పుడూ దగ్గర ఉండేది. అందులో ఊళ్ళ పేర్లు, వాటి పక్కన ఆడవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు. ఏ ఊరు వెళ్ళినా సర్పంచినీ ఇంజనీరునూ దాటుకుని పోయి, బిందెతో నిలబడ్డ ఒకామె నంబరు రాసుకునేవారు. ఆ ఊరి మీద ప్రశ్న వస్తే ఆ నంబరుకు నేను ఫోన్ చేయాలి. ఫైలు అందుకుంటూ కళ్ళజోడు మీదుగా చూసి "మాట్లాడావా, వసంతా?" అని అడిగేవారు. ఒకసారి ఒకామె ఫోన్లోనే నన్ను కడిగి పారేసింది. నేను దాన్ని మర్యాదగా మార్చి, "కొంచెం అసంతృప్తిగా ఉన్నారండి" అన్నాను. మేడమ్ పకపకా నవ్వారు. "తిట్టింది తిట్టినట్టు చెప్పమ్మా. అందులో పంచదార కలపబాకు."

ఆ రోజు జాబితాలో మా శాఖవి అయిదు ప్రశ్నలున్నాయి. నాలుగు ఊళ్ళకు ఫోన్ చేసి కనుక్కున్నాను. అయిదోది పిడుగురాళ్ల అవతల, సున్నపురాయి క్వారీల పక్కనున్న ఊరు. అక్కడి ఎస్సీ పేటకు నీళ్ళు రాని మాట నిజమేనా అని ప్రశ్న. "కాదండి" అని శాఖ జవాబు. పుస్తకంలో మరియమ్మ అని పేరుంది. మూడుసార్లు చేశాను, ఎత్తలేదు. సభ మొదలయ్యే గంట మోగుతోంది. మేడమ్ నడుస్తూనే చెయ్యి చాచారు. "మాట్లాడావా?" "మాట్లాడానండి." నా నోటి నుంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆవిడ లోపలికి వెళ్ళి "కాదు, అధ్యక్షా" అని చదివేశారు. అనుబంధ ప్రశ్న కూడా ఎవరూ వేయలేదు. హమ్మయ్య అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనం ముందు కూర్చోగానే ఫోన్ మోగింది. "అమ్మా, నేను మరియమ్మని. పొద్దున మూడుసార్లు చేశారు గదా. మిరపకోతలో ఉన్నా. చేతుల్నిండా కారం, ఫోనెట్టా తీసేది?" నీళ్ళ సంగతి అడిగాను. "ట్యాంకు కట్టారమ్మా, ఊళ్ళోకి వస్తన్నయ్యి. మా పేటకి పైపు వెయ్యలా. మేం క్వారీ గుంటలో నీళ్ళే తెచ్చుకుంటన్నాం. ఏమ్మా, వేయిస్తారా?" చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే నా ఉద్యోగం పోతుంది. ముద్ద కలిపిన కంచం అలాగే వదిలేసి మేడమ్ గదిలోకి వెళ్ళాను. నిలబడి మొత్తం చెప్పాను. మూడుసార్లు ఫోన్ చేసిన మాట ముందు చెప్పబోయాను కానీ, సిగ్గేసి అది మానేశాను.

ఆవిడ కేకలేస్తే బాగుండేది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. పక్కనే ఉన్న కార్యదర్శి గారు సర్దిచెప్పబోయారు. "ఎవరూ పట్టించుకోలేదు కదండీ. వారంలో పైపు వేయించేద్దాం. మీరే లేచి తప్పు చెప్పానంటే పదవికే ముప్పు."

"పైపు వేయిద్దాం," అన్నారు మేడమ్. "కానీ నీళ్ళొస్తున్నాయని సభలో చెప్పింది నేను. అది అట్టాగే ఉంటే రేపు నీళ్ళు లేవన్న మరియమ్మే అబద్ధాలకోరు అవుతుంది. ఆ మాట ఆమెను పడనివ్వనండీ."

మర్నాడు సభ మొదలుకాగానే అనుమతి తీసుకుని లేచారు. "అధ్యక్షా, నిన్న నేనిచ్చిన జవాబు తప్పు. ఆ పేటకు నీళ్ళు అందడం లేదు. పూర్తిగా కనుక్కోకుండా చెప్పాను. ఆ తప్పు నాది." అవతలి పక్షం రాజీనామా అంటూ గోల చేసింది. ఇవతలి పక్షంలో ఆవిడ వైపు చూసినవాళ్ళు లేరు. జవాబు రాసి పంపిన ఇంజనీరు పేరు రాలేదు, నా పేరూ రాలేదు. అధికారుల గ్యాలరీలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఆవిడ నాకు వేసిన శిక్ష ఒక్కటే. "ఆదివారం ఆ ఊరెళ్ళు. మరియమ్మతో పోయి ఒక బిందె నీళ్ళు మోసుకురా." వెళ్ళాను. మిరప, పత్తి చేలు దాటి క్వారీ గుంట దాకా నడిచాం. దిగడానికి రాళ్ళే మెట్లు. తిరిగి వచ్చేటప్పుడు నా బిందెలో సగం నీళ్ళు నా చీర మీదే ఒలికిపోయాయి. "ఫోన్ ఎత్తకపోవడం నాదే తప్పమ్మా," అని మరియమ్మ నన్ను ఓదార్చింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పేట చేరి మేడమ్‌కు ఫోన్ చేశాను. "మోశావా?" అన్నారు. "మోశానండి." "సరే. ఇప్పుడు మాట్లాడినట్టు లెక్క."

పేటకు పైపు పడింది. కొద్ది నెలల్లో మంత్రివర్గం మారింది, కొత్త జాబితాలో ఆవిడ పేరు లేదు. చిలకలూరిపేట వెళ్ళిపోయి మళ్ళీ పిల్లలకు లెక్కలు చెప్పుకున్నారు. నా వల్లే పదవి పోయిందని ఒకసారి అంటే, "నీకంత సీనుందా?" అని కసిరి కాఫీ పెట్టించారు. రెండేళ్ళ కిందట కన్నుమూశారు. ఆ పొడుగు పుస్తకం వాళ్ళమ్మాయి నాకే ఇచ్చింది.

ఇప్పుడు గుంటూరులో అధికారిగా అవే జవాబుల మీద సంతకాలు పెడుతున్నాను. ఈ ఉదయం కూడా ఒకటి వచ్చింది. ఆ ఊళ్ళో ఒకామెకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, అవతల ఎత్తలేదు. ఇది కోతల కాలం. పదకొండు గంటలకు పైనుంచి ఫోన్. "ఇంకా సంతకం కాలేదేమిటండీ? సభకు టైమైపోతోంది. ఊళ్ళో వాళ్ళతో మాట్లాడారా?"

ఆ రోజు నా నోటికి రాని మాట ఇవాళ వచ్చింది. "ఇంకా లేదండి," అన్నాను.