కనకం వదిన స్టేజీ ఎక్కిన దసరా

నిన్న పొద్దున్నే మా మేనల్లుడు రవి ఫోన్ చేశాడు.

"బువా, అమ్మ నహీ రహీ" అన్నాడు, అమ్మ ఇక లేదని.

భిలాయిలో పుట్టి పెరిగినవాడు. నన్ను అత్తా అని ఏనాడూ పిలవలేదు, బువా అనే అంటాడు. ఏడుపు కూడా వాడికి హిందీలోనే వచ్చింది.

మొన్న ఆదివారమే రుఆబాంధా సెక్టార్లో వాళ్ళింటికి వెళ్ళాను. వదిన మంచం మీద కూర్చుని, కూరలో ఉప్పు గురించి కోడలితో వాదిస్తోంది. ఆ మనిషి లేదంటే ఎలా నమ్మాలి?

నిద్రలోనే పోయిందట.

కనకం వదిన మా అన్నయ్య సింహాచలం భార్య. మన ఇంటివాళ్ళ ఈ వాట్సాప్ గ్రూపులో ఉన్న పిల్లలకి ఆమె కనకం దాదీ, అంతే. వాళ్ళకి తెలియని కనకం గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను.

అరవైల నాటి మాట. అప్పుడు మేం ఉక్కు ప్లాంటు పనివాళ్ళ బస్తీ క్యాంప్ 1లో ఉండేవాళ్ళం. ఒక గది, ఒక వంటిల్లు. అందులో అమ్మ, అన్నయ్య, కొత్తగా కాపురానికొచ్చిన వదిన, చదువుకుంటున్న నేను. అన్నయ్యకి ప్లాంటులో, పట్టాలు చేసే రైల్ మిల్లులో ఉద్యోగం.

వానలు తగ్గి సాయంత్రాలు చల్లబడితే చాలు, క్యాంపంతా పండగే. ఒక పక్క బెంగాలీల దుర్గ పందిరి. ఇంకో పక్క రామ్‌లీలా. మైదానం ఈ చివర మా తెలుగువాళ్ళ నాటకం.

ఎక్కడ చూసినా ఆడవేషాలు మగవాళ్ళవే. రామ్‌లీలాలో సీతమ్మ పగలంతా క్యాంటీన్లో టీ పోసేవాడు. మా నాటకంలో హీరోయిన్ మా అన్నయ్య.

అన్నయ్య మీసం తీసేశాడంటే దసరా వచ్చేసినట్టే. వదిన తన పెళ్ళిచీర అతనికి కట్టేది, సవరం పెట్టి జడ వేసేది, ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే ఎదుటివాళ్ళ డైలాగులన్నీ చదివేది. స్టేజీ మీద అన్నయ్య నడక చూసి ఆడవాళ్ళే ముచ్చటపడేవారు.

ఒక ఏడాది, పండగ దగ్గర పడ్డాక, హీరో వేసే ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయింది. నాటకం నేర్పే దేవదానం గారు రైల్వేలో గార్డు. మా ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నారు.

వదిన టీ గ్లాసు అందిస్తూ మెల్లగా అంది.

"ఈయన మొగేసం కడతారు బాబుగారూ. ఆడేసం నానేస్తాను. మాటలన్నీ నాకొచ్చు."

అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఏటన్నావు? మల్లీ అను."

వదిన మళ్ళీ అంది.

ఆ రోజు నుంచి అమ్మ ఆమెతో మాట మానేసింది. "కోడలు స్టేజీ ఎక్కిన రోజే నాను మన ఇజీనగరం రైలెక్కుతాను" అని నా చేత చెప్పించింది.

అది చాలదన్నట్టు క్యాంపులో ఇద్దరు పెద్దమనుషులు ఇంటికొచ్చారు. ఆడది వేషం కడితే తమ ఇళ్ళ ఆడవాళ్ళని నాటకం చూడ్డానికే పంపేది లేదన్నారు. అన్నయ్య తల దించుకున్నాడు.

వదిన గుమ్మంలో నిలబడి వింటోంది. గొంతు కూడా పెంచలేదు.

"ఈయన నా సీర కట్టుకుని మీ అందరి ముందరా నిలబడితే సప్పట్లు కొట్టినారు కదా. నా సీర నానే కట్టుకుని నిలబడితే తప్పేటి?"

వాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

అప్పుడు అన్నయ్య అన్నాడు. "నాకు అమ్మంటే బయ్యం కాదు కనకం. మొగోడిలా నడిసీడం ఎలాగో తెలీడం లేదు."

వాళ్ళిద్దరూ నవ్వుకున్న తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది.

నాటకం రోజు మైదానం నిండిపోయింది. పంపేది లేదన్న ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. ఎలా వచ్చారో నేనడగలేదు.

కథలో, ఉద్యోగం పోగొట్టుకున్న భర్త ఆ సంగతి పెళ్ళానికి చెప్పలేక ఇంటికొస్తాడు. అన్నయ్య ప్యాంటూ షర్టుతో వచ్చాడు. నాలుగడుగులు వేశాడో లేదో, చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. లేని పమిట సర్దుకున్నాడు.

మైదానమంతా గొల్లుమంది.

అన్నయ్యకి ఒక్క డైలాగూ గుర్తు రాలేదు.

వదిన కంగారు పడలేదు. కుర్చీ లాగి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. "ఏటయింది? పనిలోంచి తీసేసినారా? నాతో సెప్పడానికి బయ్యమా?" అని, అతను చెప్పాల్సిన మాటలన్నీ తనే ప్రశ్నలుగా అడిగేసింది. పుస్తకం భాష వదిలేసి మా ఇంటి భాషలోకి వచ్చేసింది.

నవ్వులు ఆగిపోయాయి. అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకుని, ఏడుస్తూ, జవాబులు చెప్పాడు. అది నటనో నిజమో నాకు తెలియలేదు. నా పక్కన కూర్చున్న బెంగాలీ ఆంటీకి తెలుగు ఒక్క ముక్క రాదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ రైలెక్కలేదు. అన్నం వడ్డిస్తోంది. వదిన కంచంలో పప్పు వేస్తూ, అన్నాళ్ళకి మొదటిసారి ఆమెతో మాట్లాడింది.

"ఆకరి సీనులో ఏడుపు సాల్లేదు. ఇంకొంచెం ఏడవాల."

ఎక్కడ నిలబడి చూసిందో ఇప్పటికీ తెలియదు.

"అలాగేనత్తా" అంది వదిన. తల వంచుకుని నవ్వు ఆపుకుంటూ తింది.

మరుసటేడు వేషం కోసం రిహార్సల్‌కి నేనూ వెళ్ళాను. మా ఇంటికొచ్చి బెదిరించిన పెద్దమనిషి కూతురు నాకంటే ముందే వచ్చి కూర్చుంది. అన్నయ్య మళ్ళీ ఆడవేషం కట్టలేదు. "నా ఏసాలన్నీ తన్నుకుపోయింది" అని పోయేదాకా అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

నలుగురిలో నిలబడి నా మాట నేను చెప్పగలుగుతున్నానంటే అది వదిన దగ్గర నేర్చుకున్నదే. అమ్మ నేర్పలేదు, బడిలోనూ చెప్పలేదు.

వెళ్ళిరా వదినా. ఇంటెడు చాకిరీ చేశావు, ఇంక హాయిగా పడుకో. నీ ప్రాణానికి చల్లని చోటు దొరకాలి.