ఇరవై ఐదుకి నాలుగు

పోయిన నెల రాజమండ్రిలో నన్ను నేనే ఫెయిల్ చేసుకుని వచ్చానండి. అది కూడా హాలు నిండా జనం ఉండగా, మైకులో. మీరు నవ్వుకోవచ్చు. నాకూ నవ్వొచ్చింది, కాకపోతే తిరుగు రైలు కొవ్వూరు దాటాక.

నా సంగతి మీకు తెలిసిందే. నరసాపురంలో ఒక కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్ చూస్తాను. మా ఆయన ఉద్యోగం విశాఖపట్నంలో. పిల్లలిద్దరూ ఆయన దగ్గరే చదువుకుంటున్నారు. సౌమ్య తొమ్మిదో తరగతి, బాబి నాలుగు. నేను నెలకి ఒకసారి, రెండో శనివారం వెళ్తాను. మిగతా రోజులు వాళ్లని ఎస్టీడీ బూత్ నుంచి, పోస్టులో పెంచుతున్నాను. పోస్టులో అంటే, వాళ్ల ప్రోగ్రెస్ కార్డులు నా సంతకం కోసం నరసాపురం వస్తాయి. నేను ఎర్ర ఇంకుతో నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి తిప్పి పంపుతాను. ఒకసారి తొందరగా కావాలని మా ఆయన సంతకం పెట్టి, తేదీ వేయడం మర్చిపోయారు. ఆ కార్డు స్కూలు దాకా వెళ్లిందని తెలిసి, మళ్లీ తెప్పించి తేదీ వేయించాను. "కార్డు చూడని వాళ్లు కూడా సంతకం పెట్టగలరండీ, ఎప్పుడు చూశారో రాస్తేనే చూసినట్టు" అన్నాను. ఆయన ఆ తర్వాత ఇక సంతకాల జోలికి రాలేదు.

ఇప్పుడు అసలు విషయం. రెండు గోదావరి జిల్లాల్లోనూ స్కాలర్‌షిప్ సెక్షన్లలో పనిచేసే మాకందరికీ ఒక సంఘం ఉంది. ఏడాదికోసారి రాజమండ్రిలో సర్వసభ్య సమావేశం. కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకోవడం, నియమావళిలో మార్పులుంటే చేతులెత్తి ఒప్పుకోవడం, చివర్లో ఉత్తమ సేవ చేసిన ఒకరికి శాలువా కప్పడం. శాలువా సంగతి ఎలా ఉన్నా, దానితో పాటు ఒక లేఖ ఇస్తారు. ఈ ఉద్యోగి కోరుకున్న చోటికి బదిలీ చేయమని సంఘం తరఫున పైవాళ్లకి సిఫారసు. నాకు విశాఖపట్నం అంటే వేరే జోను. మామూలు దరఖాస్తులు మూడు పెట్టాను, మూడూ ఏ బల్ల మీద ఉన్నాయో తెలియదు. ఈ లేఖ అందుకున్న ఇద్దరికి మాత్రం అడిగిన చోటికి బదిలీ అయింది. కాబట్టి ఆ లేఖ మీద నాకు ఆశ లేదంటే అబద్ధం. కానీ నన్ను ప్రతిపాదించండి అని నోరు తెరిచి ఎవరినీ అడగలేను కదా.

అడగలేకపోగా నేనేం చేశానంటే, నియమాలు రాశాను. అంతకుముందు ఏడాది ఎంపిక ఎలా జరిగిందో తెలియలేదని కొందరు గొణిగారు. అధ్యక్షులు సత్యానందం గారు, "మేడమ్ గారూ, ఇలాంటివి మీరైతే పకడ్బందీగా రాస్తారు" అన్నారు. రాశాను. ప్రతిపాదనలు టైపు చేసే పంపాలి, చేతిరాత గుర్తుపట్టకుండా. పేరూ, కాలేజీ కనపడకుండా కాగితం అంటించాలి. అది కూడా సంఘం మనిషి కాకుండా టైపు ఇన్‌స్టిట్యూట్ ఆయన అంటించాలి. ముగ్గురు నిర్ణేతలు తలా ఇరవై ఐదు మార్కులకు వేయాలి. మార్కులు, కారణాలతో సహా, సభలో పైకి చదవాలి. చదివాక మార్చడానికి వీల్లేదు. పోయిన ఏడాది సమావేశంలో అందరూ చేతులెత్తారు. ఆ ముగ్గురు నిర్ణేతల్లో ఒకరిగా నన్నే పెట్టారు.

ఒక ఆదివారం గదిలో కూర్చుని ప్రతిపాదనలన్నీ దిద్దాను. మధ్యాహ్నం అన్నం తిన్న కంచం అక్కడే ఉంది, తీయమనేవాళ్లు లేరు. రెండో నంబరు కాగితం బాగుంది, పదిహేడు వేశాను. ఐదో నంబరు చదువుతుంటే ఒళ్లు మండింది. ఎవరో ఒకావిడ. రోజూ రాత్రి ఏడింటిదాకా ఆఫీసులోనే ఉంటుందట. ఆదాయ సర్టిఫికెట్ తేని పిల్లల ఊళ్లకి పోస్టుకార్డులు రాస్తుందట. కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లనీ ముందు అన్నం తిన్నావా అని అడిగి, తర్వాతే అప్లికేషన్ చూస్తుందట. ఫోటో అంటించుకుని రాని వాళ్ల కోసం సంచిలో గమ్ము సీసా పెట్టుకు తిరుగుతుందట.

గమ్ము సీసా దగ్గర కూడా నాకు తట్టలేదు చూడండి. గమ్ము సీసా లేకుండా ఎవరైనా ఎలా తిరుగుతారు అనుకున్నాను.

ఎర్ర పెన్ను తీసి రాశాను. నాలుగు మార్కులు. కారణం: "ఈ అభ్యర్థి ఏడింటిదాకా ఆఫీసులో ఉంటే, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తున్నారు? కౌంటరు దగ్గర పిల్లలు తిన్నారో లేదో అడిగే ముందు సొంత పిల్లలు తిన్నారో లేదో తెలుసుకోవాలి. ఇల్లు వదిలేసి చేసే సేవను పదిమందికి ఆదర్శంగా చూపడం మంచిది కాదు." చదువుకుంటే బాగా వచ్చిందనిపించింది. సంతకం పెట్టి తేదీ వేశాను.

సమావేశం రోజున పొద్దున్నే బయల్దేరి వెళ్లాను. మా కాలేజీ అటెండరు నాగరత్నం కూడా సభ్యురాలే, ఇద్దరం కలిసి వెళ్లాం. తన సంచిలోంచి మల్లెపూల వాసన వస్తోంది. "పూలెవరికి నాగరత్నం?" అంటే, "ఎవరికో ఒకరికి వేయాల్సొస్తుంది కదమ్మగారూ" అంది.

ఎన్నికలు అయ్యాయి, భోజనాలు అయ్యాయి. సత్యానందం గారు మైకు ముందు నిలబడి కాగితాలు ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టారు. ఐదో నంబరు వచ్చింది. మిగతా ఇద్దరు నిర్ణేతలు ఇరవై మూడూ, ఇరవై నాలుగూ వేశారు. ఇంత కళ్లు మూసుకుని వేస్తారా అనుకున్నాను. తర్వాత నా కారణం చదివారు. ఆయన గొంతు బాగుంటుంది. "సొంత పిల్లలు తిన్నారో లేదో" దగ్గర కాస్త ఆగి చదివారు. ముందు వరసలో కూర్చుని నేను తలాడించాను. తలాడించానండి, బాగా రాశారు అన్నట్టు.

ఐదో నంబరుకి మొత్తం యాభై ఒకటి. రెండో నంబరుకి యాభై రెండు. ఒక్క మార్కు తేడా. ఇక పేర్లు విప్పాలి. రెండో నంబరు మీద కాగితం తేలిగ్గానే ఊడింది. తుని నుంచి వచ్చిన సుబ్బరాజు గారు. చప్పట్లు కొట్టాం. "ఇంత దగ్గరగా వచ్చినావిడ ఎవరో కూడా చూద్దామండీ" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఐదో నంబరు మీద గమ్ము గట్టిగా పట్టింది. అధ్యక్షులు గోటితో గీకారు, గ్లాసులోంచి రెండు చుక్కల నీళ్లు రాశారు. హాలంతా చూస్తోంది. ఊడింది. ఆయన కాగితం వంక చూసి, నా వంక చూసి, మళ్లీ కాగితం వంక చూశారు.

"మేడమ్ గారూ," అన్నారు మైకులోనే, "ఇది మీరేనండి."

ఆ హాల్లో ఫ్యాన్లు ఎంత చప్పుడు చేస్తాయో నాకు అప్పుడే తెలిసింది.

సత్యానందం గారు మంచి మనిషి. వెంటనే తేరుకుని, "ఇదేదో పొరపాటు. నిర్ణేతలు పోటీలో ఉండకూడదని నియమంలో లేదు. మేడమ్ గారి మార్కులు తీసేసి మిగతా ఇద్దరివే కలుపుదాం. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నారు. చేతులు లేచాయి. అందరికంటే ముందు సుబ్బరాజు గారి చెయ్యి. లేఖ నాకు రెండు అడుగుల దూరంలో, బల్ల మీద ఉంది. పేరు రాయాల్సిన చోట ఖాళీ.

నేను లేచి నిలబడ్డాను. కూర్చుంటే సరిపోయేది.

"చదివిన మార్కులు మార్చడానికి వీల్లేదండి. ఏడో నియమం."

"ఆ నియమం పెట్టిందెవరండీ?" అన్నారు అధ్యక్షులు.

"నేనే."

హాలంతా నవ్వింది. నేను కూర్చున్నాను. సుబ్బరాజు గారి పేరు రాశారు. ఆయన కిందికి దిగి నా దగ్గరికొచ్చి, "అమ్మా, మా ఇల్లు కాలేజీ వెనక వీధిలోనే. నాకు బదిలీ ఎందుకమ్మా? పేరు కొట్టేసి మీది రాయించుకోండి" అన్నారు. "కొట్టివేతలుంటే చెల్లదండి" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు. మా సౌమ్య నన్ను చూసే చూపే అది.

 స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నాగరత్నం బయటపడింది.

"నేనే టైపు కొట్టించానమ్మగారూ. ఆరు నెలల నుంచి ఒక్కొక్క మాట కూడబెట్టుకుని చెప్పాను."

"నాకు చెప్పొచ్చు కదా నాగరత్నం."

"చెబితే ఊరుకుంటారా మీరు? మీరు పిల్లల దగ్గరికి వెళ్లిపోతే నేనూ ఐదింటికి తాళం వేసుకుని ఇంటికి పోదామనుకున్నాను. మీరు లేచేదాకా నేను కూర్చోవాలి కదండి. మా ఆయన రోజూ అడుగుతాడు, ఆఫీసులో అంత పనేంటని."

 నిజానికి అంత పనేమీ ఉండదు. ఐదింటికి గదికి వెళ్లి ఏం చేయాలో తెలియక కూర్చుంటాను. ఒక్కదానికి వండుకోవడం ఎంతసేపు? నేను దాన్ని సేవ అని ఎప్పుడూ అనుకోలేదండి, గదికి వెళ్లకపోవడం అనుకున్నాను. అందుకే కాగితం మీద చదివితే నన్ను నేను గుర్తుపట్టలేదు.

నాగరత్నం రైల్లో నిద్రపోయింది. నిర్ణేతలకి ఇచ్చిన పూతరేకుల పెట్టె విప్పి ఒకటి తిన్నాను. పూతరేకు ఒక్కళ్లూ తినేది కాదు. చీరంతా పొడి రాలుతుంది, చూసి దులుపుకోమనేవాళ్లు పక్కనుండాలి. కొవ్వూరు దాటింది. "సొంత పిల్లలు తిన్నారో లేదో" అన్న దగ్గర తలాడించడం గుర్తొచ్చింది. నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. ఎదురు సీటాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు సాయంత్రం బూత్ నుంచి సౌమ్యకి జరిగినదంతా చెప్పాను. లేఖ రాలేదు అని చెప్పడం కష్టంగానే ఉంది. 

"ఎన్ని వేసుకున్నావమ్మా?"

"ఇరవై ఐదుకి నాలుగు."

"లెక్కల్లో పధ్నాలుగు వస్తేనే నాకు పేజీ నిండా రాశావు."

"అవును."

"ఫెయిలైతే ఇంట్లో చూపించి సంతకం పెట్టించుకోవాలి కదా. ఆ కాగితం ఇక్కడికి పంపు."

వెనకనుంచి బాబి, "అక్కా, నేనూ పెడతా" అంటున్నాడు.  తర్వాత సంఘం ఆఫీసు నుంచి ఆ కాగితం నకలు తెప్పించి, నిజంగానే పోస్టు చేశాను. ఎందుకంటే అడిగిన కాగితం పంపకుండా ఉండటం నాకు చేతకాదు.

వారానికి తిరిగొచ్చింది. నా రాత కింద ఎర్ర ఇంకుతో సౌమ్య రాసింది: "చూశాము. మార్కులు చాలా తక్కువ. మేం తిన్నామా అని రోజూ అడుగుతూనే ఉంది, కాబట్టి కారణం తప్పు. ఇకనుంచి ఐదింటికి ఇంటికి వెళ్లాలి." కింద రెండు సంతకాలు. బాబిది గీత దాటి పక్కకి వెళ్లిపోయింది.

ఆ రోజు ఐదింటికే లేచాను. నాగరత్నం తాళం చేత్తో పట్టుకుని, నేను మళ్లీ వెనక్కి వస్తానేమోనని గేటు దాకా చూసింది. గదికి వెళ్లి ఆ కాగితం పదిసార్లు చదివాను. పదోసారి కనపడింది. సంతకాల దగ్గర తేదీ లేదు.

తేదీ లేని కాగితం నేను ఇంతవరకు ఎవరి దగ్గరా తీసుకోలేదండి. తిప్పి పంపుదామా అనుకున్నాను. రెండో శనివారం ఇంకా చాలా దూరం ఉంది. పొద్దున్నే కాలేజీకి వెళ్లి, ఈ ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి, సొంత పని మీద ఒక రోజు సెలవు అడిగాను. చీటీలో కారణం దగ్గర అబద్ధం రాయలేను కదా. "తేదీ వేయించుకోవడానికి" అని రాశాను. ప్రిన్సిపాల్ గారు దాన్ని రెండుసార్లు చదివారు. నా మొహం చూసి సంతకం పెట్టారు.

నేను అక్కడే నిలబడి ఉండటం చూసి, తేదీ కూడా వేశారు.