వంక లేని షెడ్డు

ఆ వీధిలో అందరూ ఆయన్ని రంగులాయన అనే పిలిచేవారు. గోడను ఒక్కసారి చూస్తే చాలు, అచ్చంగా అదే రంగు కలిపి పెట్టేవాడు. కలిపిన రంగును అరచేతి మేర పాత గోడ మీదే పూసి, ఎండాక ఇంటివాళ్లను పిలిచి "ఎక్కడ పూశానో వెతకండి" అనేవాడు. వాళ్లు తెల్లమొహం వేస్తే ఆయనకు ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు. ఆయన పనికి వంక పెట్టగల మనిషి లోకంలో ఒక్కతే, ఆయన భార్య. మూల వదిలేశారనీ, కిటికీ అంచు వంకర పోయిందనీ నలభై ఏళ్లుగా ఆవిడ నోటికి విరామం లేదు.

ఇప్పుడు పని మానేశాడు. నిచ్చెనలు, డబ్బాలు, కుంచెలు వరండా నిండా పేరుకుపోయాయి. పెరట్లో ఓ షెడ్డు పెట్టించమని భార్య పోరు పెట్టింది. కూతురు ఆయన్ని దుకాణానికి తీసుకెళ్లి రెడీమేడ్ రేకుల షెడ్లు వరసగా చూపించింది. ఆయన కంటికి ఒక్కటీ ఆనలేదు.

"ఇంటి పక్కన ఇనప్పెట్టె పెట్టినట్టుంటుందమ్మా. చూడగానే ఈ ఇంటి పిల్లే అనిపించాలి" అన్నాడు.

ఇంటి కప్పుకు ఎంత వాలుందో అంతే వాలు, అవే పెంకులు, కిటికీకి అదే తెల్ల చెక్క చట్రం. వడ్రంగి చేత మూడుసార్లు కొలిపించి, అతని ప్రాణాలు తోడి మరీ కట్టించాడు. ఇక మిగిలింది రంగు. ఇంటిది లేత నీలం.

అక్కడే వచ్చింది పేచీ. ఏడాదిగా ఆయన రెండు కళ్లకూ శుక్లాలు. ఇంకా నాన్చితే చూపుకే ముప్పని డాక్టర్ చెప్పాడు. ఆపరేషనంటే భయమని ఒప్పుకునే రకమా ఈయన! చేయించుకోమని కూతురు గట్టిగా పట్టుబడితే పందెం వేశాడు.

"షెడ్డుకు రంగు నేనే కలుపుతా. ఇంటికీ దానికీ ఇసుమంత తేడా ఉందని మీరంటే మర్నాడే ఆస్పత్రికి వస్తా. లేదంటే ఆ మాట మళ్లీ ఎత్తొద్దు."

నాలుగు రోజులు కలిపాడు. ఇంటి గోడ మీద అరచేతి మేర పూసి, ఎండాక కళ్లు చికిలించి వెతికాడు. ఎక్కడా కనపడలేదు. మురిసిపోయి షెడ్డంతా వేసేశాడు.

మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్లను పెరట్లోకి పిలిచాడు. షెడ్డు లేత ఆకుపచ్చగా ఉంది. ఇంటి గోడ మీద పూసిన ముక్క కూడా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. కూతురు నోరు తెరవబోతే భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. చెప్పకపోతే ఆయన కళ్లు పోతాయని తెలుసు. కానీ అలా పొంగిపోతున్న మొహం చూసి చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు.

"బాగా కలిసిందండీ" అంది.

ఆయన నవ్వలేదు. ఆవిడ వైపే చూశాడు.

"వంకేం లేదా?"

"లేదండీ."

"మూలలు?"

"అవీ బాగున్నాయి."

ఆయన కుంచె పక్కన పెట్టి మెట్టు మీద చతికిలబడ్డాడు. "నలభై ఏళ్లలో నా పని ఒక్కసారన్నా బాగుందన్నావా నువ్వు? అంత ఘోరంగా ఉందా?"

ఆవిడకు ఏడుపు ఆగలేదు. "ఆకుపచ్చగా ఉందండీ."

ఆయన షెడ్డు గోడను తడిమాడు. "నాకు నీలంగానే ఉందే" అన్నాడు మెల్లగా. కూతురి వైపు తిరిగాడు. "రేపే తీసుకెళ్లమ్మా. దీన్ని మాత్రం ఇంకెవరినీ ముట్టుకోనివ్వొద్దు. కళ్లు బాగయ్యాక నేనే వేస్తా."

భార్య కళ్లు తుడుచుకుంది. "అప్పుడైనా ఆ తలుపు అంచు తిన్నగా వెయ్యండి. పాములా మెలికలు తిరిగింది."

"హమ్మయ్య" అన్నాడాయన.