రాగి పైసాకి వేసిన ఫ్లెక్సీ

నార్త్ యార్క్‌లో మేముండే బేస్‌మెంట్‌ని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. పైన ఉండే ఇంటి ఓనరు రిటైరైన సర్దార్‌జీ, మాకు అంకుల్‌జీ. ఆయన మేనల్లుడు చదువుకోడానికి వస్తున్నాడట. ఆ ఏడు కెనడాకి ఎవరో ఒకరి మేనల్లుడు వస్తూనే ఉన్నాడు. కాలేజీ అవగానే రూముల కోసం తిరిగేవాణ్ణి. చూసిన వాటిలో ఒకదానికి కిటికీ లేదు, ఇంకోదానికి తలుపు లేదు.

అలాంటి రోజుల్లో అంకుల్‌జీ ఒక రాగి పైసా పట్టుకుని కిందికి వచ్చారు. సిక్కుల రాజ్యం నాటిది. గురుద్వారాలో దాని గురించి మాట్లాడబోతున్నారు, పోస్టర్ కావాలి. నేను చదివేది గ్రాఫిక్ డిజైన్ అని ఆయనకి తెలుసు. పైసాకి ఒకవైపు ఆకు, ఇంకోవైపు పంజాబీ రాసే గురుముఖి అక్షరాలు. అచ్చు మధ్యలో పడక, సగం అక్షరాలు అంచు దాటి వెళ్లిపోయాయి.

"ఇదే ఛాన్స్ రా," అన్నాడు గుంటూరు నుంచి వచ్చిన నా రూమ్మేట్. "పెద్దాయన ఫొటో పెట్టు. కరిగిపోయి రూమ్ ఉంచేస్తాడు."

పెట్టాను. నిలువెత్తు అంకుల్‌జీ, నమస్కారం పెడుతూ, తల వెనక కిరణాలు. పైసా ఆయన మోచేతి దగ్గర, బొత్తాం సైజులో. మా వైపు బోరింగు రిపేరు చేయించినవాడికి కూడా ఇంతకంటే తక్కువ చెయ్యరు.

అంకుల్‌జీ చాలాసేపు చూశారు. "ఈ ముసలాయన ఎవరు?"

"మీరే, అంకుల్‌జీ."

"ఏ ఎలక్షన్‌లో నిలబడ్డాను, బేటా?"

తర్వాత హిందీలో నెమ్మదిగా చెప్పారు. "వెండి నాణేల మీద ఫార్సీ లిపి. అది దర్బారుకీ పెద్ద వ్యాపారులకీ. ఈ పైసాతో కూరలు కొనుక్కునేవాడికి వాడి లిపిలోనే రాశారు. రెంటి మీదా గురువు పేరే. టంకసాల రాజుదే, పేరు మాత్రం వేసుకోలేదు. రాజ్యం నాది కాదు, నేను చూసుకుంటున్నానంతే అని చెప్పడం అది. ఆయనే వేసుకోలేదు, మధ్యలో నా మొహం ఎందుకు?"

"మరి రాజెవరో జనానికి ఎలా తెలిసేది?" అన్నాడు రూమ్మేట్.

"పన్ను వసూలుకి వచ్చినవాడు చెప్పేవాడు."

ఫొటో తీసేశాను. కాగితం నిండా ఆకు. బాగుందన్నారు. రూమ్ సంగతి మాత్రం ఎత్తలేదు. రూమ్మేట్ అల్మరా మీంచి సూట్‌కేసు దించాడు.

సాయంత్రం అంకుల్‌జీ భార్య, ఆంటీజీ వచ్చారు. "ఆ మొదటిది ఒకటి ప్రింట్ తియ్యి. హాల్లో పెట్టుకుంటాం."

"అంకుల్‌జీ ఏమంటారో..."

"ఆయనే పంపారు."

ఇంతకంటే మంచి సమయం దొరకదని రూమ్ గురించి అడిగేశాను. ఆమె సూట్‌కేసులు చూసి, గోడ చూసి, "అక్కడ ఇంకో పరుపు పడుతుంది," అన్నారు.

మేనల్లుడు శనివారం మా రూమ్‌లోకే దిగాడు. మంచి కుర్రాడు. గురక కొంచెం ధారాళం. నేను రూములు చూడటం మానలేదు.