ఆగస్టులో హీటరు

మా నాన్న ఎల్డన్ మండుటెండలో ట్రక్కులో హీటరు వేసుకుని తిరిగేవాడు.

వయోమింగ్‌లో మా పల్లె నుంచి ఎటు వెళ్లాలన్నా కొండ ఎక్కాల్సిందే. వెనక పశువుల ట్రైలరు తగిలించి ఎక్కడం మొదలుపెట్టగానే ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకేది. నాన్న వెంటనే హీటరు పూర్తిగా తిప్పేవాడు. ఇంజను వేడి కొంత మన మీదకు మళ్లితే దానికి ఊపిరాడుతుందని ఆయన లెక్క. లెక్క నిజమే, ముల్లు దిగేది. మేమే ఉడికిపోయేవాళ్లం.

ఆ వేసవంతా నేను సిగ్గుతో చచ్చాను. మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లి ట్రక్కు దిగితే, పిన్ని తువ్వాలు తెచ్చిచ్చి దారిలో వాన పడిందా అని అడిగింది. సంతలో ఒకాయన సీటు మీద బంగాళాదుంప పెట్టాడు, ఇల్లు చేరేసరికి ఉడుకుతుందని. నాన్న ఇంటికొచ్చాక దాన్ని నొక్కి చూసి, ఇంకా కాస్త పచ్చిగానే ఉందన్నాడు. మెకానిక్‌కు చూపించమని ఎన్నిసార్లు పోరినా, ముసలి బండికి ఆయాసం మామూలేనని దాటేసేవాడు.

ఆగస్టులో పొరుగువాళ్ల పెయ్యల్ని ట్రైలరులో ఎక్కించి నాన్న, నేను, నా భర్త రాయిస్ బయల్దేరాం. కనుమ దగ్గర హీటరు కూడా చేతులెత్తేసింది. ఆవిరి చిమ్మింది, ఆగిపోయాం. వెనక బళ్లన్నీ నిలిచిపోయాయి. గడ్డిమోపుల ట్రైలరు లాగే మార్వా దిగొచ్చి విచారణ మొదలుపెట్టింది. ఖాళీగా వెళ్తే కాగుతుందా? లేదు. చదును రోడ్డు మీద? లేదు. బరువుతో మెల్లగా ఎక్కేటప్పుడే కదా? అవును. గొట్టాలు చూసింది, బాగానే ఉన్నాయి. ఫ్యాను దగ్గర ఆగిపోయింది.

"దీని చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగేది? అది లేకపోతే ఫ్యాను రేడియేటర్లోంచి గాలి ఎలా లాగుద్ది? ఏ మహానుభావుడు పీకాడు?"

రాయిస్ ముఖం కందగడ్డయింది. పట్నంలో పెరిగిన మనిషి. ఆ వసంతంలోనే జీవితంలో మొదటిసారి పానా పట్టి, ఆ ట్రక్కుకు నీళ్ల పంపు మార్చాడు. అతను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు.

"నేనే. అది తీసేస్తే గాలి బాగా తగుల్తుందనుకున్నా."

రోడ్డంతా నవ్వింది. ఇంజను జోలికి పోకుండా పశువులు కాసుకోమని మార్వా సలహా ఇచ్చింది. నాన్న టోపీ తీసి బుద్ధిగా తల ఊపాడు.

ఇంటికి రాగానే రాయిస్ తిన్నగా కోళ్లగూటిలోకి వెళ్లాడు. వెనకే నేనూ, నాన్నా వెళ్లాం. నల్లటి ప్లాస్టిక్ చట్రం, దాన్నిండా గడ్డి, మధ్యలో ఒక కోడి. పంపు బిగించాక ఆ ఫ్యాను తొడుగు మిగిలిపోతే, ఎందుకో అడగడానికి మొహమాటపడి కోళ్లకు ఇచ్చేశాడట. రోజూ పొద్దున్నే అందులోంచి గుడ్లు తీసేది నాన్నే.

"ఎప్పట్నుంచి తెలుసు మామయ్యా?" తల దించుకుని అడిగాడు రాయిస్.

"మొదటి గుడ్డు తీసినప్పట్నుంచి."

"మరి చెప్పొచ్చుగా. ఊరంతా నిన్ను చూసి నవ్వుతుంటే..."

"నవ్వనీవయ్యా. గ్రీజు చేతుల్తో నిలబడి ఆ రోజు ఎంత మురిసిపోయావో నువ్వు చూసుకోలేదు. నా నోటితో ఎలా చెప్పమంటావ్?"

రాయిస్ కోడిని లేపి, చట్రం కడిగి, ఫ్యాను చుట్టూ బిగించాడు. నాన్న పక్కన నిలబడి పానాలు అందించాడు. బానెట్ మూశాక చూస్తే బంపరు మీద ఒక బోల్టు మిగిలి ఉంది. రాయిస్ అటు తిరిగి చేతులు తుడుచుకుంటున్నాడు. నాన్న నా వంక ఒకసారి చూసి, బోల్టు తీసి జేబులో వేసుకున్నాడు.

"బ్రహ్మాండంగా కుదిరింది అల్లుడూ" అన్నాడు.