పచ్చ దారం కట్టిన గులాబీ

గులాబీలు పెంచేవాళ్లకు చలికాలంలో పనేమీ ఉండదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పని లేకపోవడమే వాళ్లకు పెద్ద పని. ఒక చలికాలమంతా మా ఇంట్లో దాన్ని కళ్లారా చూశాను.

తొంభైలు ముగియవస్తున్న రోజులవి. నేను తొమ్మిదో తరగతి. కె.ఆర్.పురంలో మా ఇంటి వెనుక కొద్దిపాటి జాగా, అందులో పద్దెనిమిది గులాబీ చెట్లు ఉండేవి. అన్నీ అమ్మవే. అమ్మ నర్సు. ఆస్పత్రి నుంచి ఎంత అలసిపోయి వచ్చినా, చెప్పులైనా విడవకుండా ముందుగా ఇంటి వెనక్కి వెళ్లి వాటిని చూసొచ్చేది. నన్ను చూడ్డం ఆ తర్వాతే. నాన్న పీణ్యలో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. రోజూ ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు రెండు బస్సులు మారాలి. సొంతంగా ఒక పాత లేత్ కొనుక్కుని, వెనుక జాగాలో షెడ్డు వేసుకుంటే ఆ తిరుగుడు తప్పుతుందని ఎన్నేళ్ల నుంచో ఆయన ఆశ. ఆ ఏడు బేరం కుదిరింది. ఫిబ్రవరిలో మేస్త్రీ వస్తాడు, చెట్లు తీసేయాలి అన్నాడు.

అమ్మ వాదించలేదు. ఒకటే అడిగింది.

"జనవరి ఆఖర్లో గులాబీల పోటీ ఉంటాదంట. ఒక్కసారి నా పువ్వు పెట్టనీ. ఆపైన నీ ఇష్టం."

నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. అమ్మ అంత నెమ్మదిగా ఒప్పుకోవడం చూసి నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది.

వెనుక వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. కాటన్‌పేటలోని కొట్టు కొడుకులకు అప్పగించి, ఇక్కడ గులాబీలు పెంచుకుంటూ కాలక్షేపం చేసేవాడు. పోటీ నాటికి పువ్వు విచ్చాలంటే డిసెంబరు మొదట్లోనే కొమ్మలు కొట్టేయాలని చెప్పి, తనే కత్తెర తెచ్చి చెట్లన్నీ మోకాలెత్తుకు కత్తిరించాడు. కోసిన చోటల్లా అమ్మ పేడ పూసింది.

"ఇంకేం చెయ్యాల పెద్దాయనా?"

"ఏం చేసేదీ ల్యాదు. నలభై అయిదు, యాభై దినాలు చేతులు కట్టుకోని కూసోవాలమ్మా. అదే ఎవురికీ చాతకాదు."

అమ్మకూ చేతకాలేదు. సెలవు దొరికినప్పుడల్లా ఆ మోళ్ల ముందు స్టూలు వేసుకుని నాకు పచ్చ ఉన్నితో స్వెటర్ అల్లేది. నాలుగు వరసలు అల్లడం, లేచి వెళ్లి కొమ్మలు చూడడం. పొద్దున్నే పెద్దాయన మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చేవాడు. ఇద్దరూ వంగి ఒకే పుల్లను అయిదు నిమిషాలు చూసేవాళ్లు. "ఇదో, ఈ చిగురు కన్ను కదిలుండాది" అని ఆయన అంటే, అమ్మ మొహం వెలిగిపోయేది. నాకు మాత్రం నిన్నటి పుల్లే కనిపించేది. ఆ మాట పైకి అంటే తిట్లు పడేవి.

క్రిస్మస్ దగ్గరపడింది. ఏటా చర్చిలో బల్ల మీదికి మా పూలే వెళ్లేవి. ఈసారి మా చెట్లకు వేలెడంత ఎర్ర చిగుళ్లు తప్ప ఏమీ లేవు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒకావిడ అందరి ముందూ అననే అంది.

"పోటీల పిచ్చిలో పడి దేవునికి పువ్వు లేకుండా చేస్తివే!"

అమ్మ తల వంచుకుంది. పక్కనే ఉన్న నాన్న చర్రున లేచాడు.

"జనవరిలో రాండమ్మా, సూపిస్తాం మా పువ్వు!"

'మా పువ్వు' అన్నాడు. చెట్లు పీకించేస్తానన్న మనిషే. నాకు నవ్వాగలేదు.

అన్నాక ఊరుకుంటే పరువు పోతుంది కదా. ఆ మరుసటి ఆదివారం నుంచి నాన్న కూడా వెనుకే తిరిగేవాడు. అల్యూమినియం ముక్కలు కోసి, అంకెలు కొట్టి, ఒక్కో చెట్టుకు బిళ్ల కట్టాడు. మొగ్గలు వచ్చాక, నడిమి మొగ్గ ఒక్కటే బలంగా ఎదగాలని పక్కమొగ్గలు గిల్లేసే పని ఆయనే తీసుకున్నాడు. లేత్ మీద వెంట్రుకంత తేడా పట్టే చేతులవి. చివరికి మూలనున్న చెట్టు మీది ముదురెరుపు మొగ్గను పోటీకి ఎంచారు.

పోటీకి ఇంకా మూడు రోజులుందనగా ఎండ ముదిరి, మొగ్గ తొందరపడి విచ్చుకోసాగింది. అమ్మ వెనుక వీధికి పరుగెత్తింది. పెద్దాయన వచ్చి, మొగ్గ చుట్టూ ఉన్ని దారం వదులుగా కట్టమని నాన్నతో అన్నాడు. పోటీకి పూలు పెట్టేవాళ్లంతా అలాగే ఆపుతారట.

"పోటీ బల్ల మీద పెట్టినంక ఇప్పేయాల. మరిచేవప్పా, దారం ఉంటే ఆ పువ్వును లెక్కలోకే తీసుకోరు."

నా స్వెటర్ ఉండలోంచి దారం తెంపి, నాన్నే కట్టాడు.

పోటీ రోజు ముగ్గురం బస్సులో వెళ్లాం. సీటు దొరికినా నాన్న కూర్చోలేదు, ఎవరైనా పువ్వుకు తగులుతారని. అక్కడ అమ్మ ఫారం రాయడానికి వెళ్లింది. నేను పక్క పూలు చూస్తూ తిరిగాను. నాన్న పువ్వును సీసాలో పెట్టి, ఆకులు తుడిచి, అటు తిప్పి ఇటు తిప్పి, వెనక్కి జరిగి మురిసిపోయాడు. ఇంతలో జడ్జీలు వస్తున్నారని ఈల వేసి, బల్లల చుట్టూ కట్టిన తాడు అవతలికి అందరినీ పంపేశారు.

"ఆ మూలది మాదేప్పా" అని నాన్న ఎవరికో చూపిస్తున్నాడు. నేనూ అటే చూశాను. ఎర్ర రేకుల చుట్టూ పచ్చ దారం.

"నాన్నా, దారం!"

 ఆయన తాడు ఎత్తి లోపలికి పోబోతే కాపలా కుర్రాడు ఆపాడు. "ఒక్క నిమిషమప్పా, ఇప్పేసి వస్తా. నీ కాలు పట్టుకుంటా" అన్నాడు నాన్న. ఆయన ఒకరిని బతిమాలగా చూడడం నాకదే మొదలు. ఆ కుర్రాడు కదల్లేదు.

మధ్యాహ్నం లోపలికి వదిలారు. దారం ఉన్నందుకు పువ్వును చూడలేదని చీటీ పెట్టారు. అమ్మ అది చదివి, దారం విప్పింది. మా కళ్ల ముందే రేకులు ఒక్కొక్కటీ సడలి, పువ్వు అరచేయంత అయింది.

"ఎంత బాగుండాదో సూడు" అంది, నాన్న వైపు తిరగకుండా.

తిరుగు బస్సులో పువ్వు అమ్మ ఒళ్లో ఉంది.  కె.ఆర్.పురం దగ్గరికి వచ్చాక నాన్న గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఏడు మరిచిపోకుండా నేనే ఇప్పుతా."

"వచ్చే ఏడు చెట్లు యాడుంటాయయ్యా?"

నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు.

"యాడికి పోతాయి? ఉండేచోటే ఉంటాయి."

ఫిబ్రవరిలో మేస్త్రీ వచ్చాడు. నాన్న ఆయన్ను ముందుగదిలోకి తీసుకెళ్లి, సోఫా బయట పెట్టించి, అక్కడే లేత్‌కు నేల గట్టి చేయించాడు. ఇంటికొచ్చినవాళ్లు లేత్ పక్కన నిలబడి కాఫీ తాగేవాళ్లు. నా పరీక్షల చదువంతా ఆ చప్పుడులోనే సాగింది. నేను రోజూ పోట్లాడేదాన్ని.  మళ్లీ డిసెంబరు వచ్చి కొమ్మలు కత్తిరించిన రోజున, అమ్మ ఆ మోళ్ల ముందు రెండు స్టూళ్లు వేసింది.